చెరువు పక్క ఊరి జ్ఞాపకాలను దాచుకోవడం ఎలా: బెంగళూరు చెరువు కట్టల మీద నేర్చుకున్న పద్ధతి

బెంగళూరుకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు బస్సు బోర్డు మీద ‘వర్తూరు కోడి’ అని కనిపిస్తే ముందు కోడిపెట్టే గుర్తొస్తుంది. కన్నడంలో కోడి అంటే చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోటు. మనం అలుగు అంటాం, రాయలసీమలో మరవ అంటారు. వర్తూరు చెరువు బెంగళూరులో బెళ్లందూరు చెరువు తర్వాత అంత పెద్దది, బెళ్లందూరు నీళ్లే దిగువకు వచ్చి దీన్ని నింపి, ఇక్కడినుంచి దక్షిణ పినాకిని నదిలో కలుస్తాయి. 2015లో నురగ రోడ్ల మీదకు పొంగి దేశమంతా టీవీల్లో చూసింది ఈ చెరువుల దగ్గరే. ఇప్పుడు కోడి అంటే చాలామందికి ట్రాఫిక్ జామ్, నురగ, కంపు. మా అవ్వకు మాత్రం అది శబ్దం. "మొరవ పారితే రాత్రంతా ఆ సద్దే, కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లకు నిద్దర పట్టేది కాదు" అనేది.

ఆ మాట నా దగ్గర రికార్డింగ్‌లో ఉంది, కానీ దాని చుట్టూ ఆమె చెప్పిన రెండు గంటల మాటలు లేవు. ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత కాపీ చేద్దాంలే అనుకుని వదిలేశాను, ఫోన్ పాడైంది, రిపేరుకు ఇస్తే మొత్తం చెరిపి ఇచ్చారు. తమ్ముడికి వాట్సాప్‌లో పంపిన పదకొండు నిమిషాల ముక్క ఒక్కటే మిగిలింది. మళ్లీ కూర్చోబెట్టి అడుగుదామనుకునేలోపు అవ్వ పోయింది. ఆ తర్వాతే ఈ పని పద్ధతిగా ఎలా చేయాలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. మీ ఊరు హలసూరు అయినా, అగర అయినా, బేగూరు అయినా, చెరువు ఉన్న ఏ ఊరైనా ఇది పనికొస్తుంది.

ముందు కట్ట మీద నడవండి

లైబ్రరీకి తర్వాత వెళ్లొచ్చు. ఊళ్లో పుట్టి పెరిగిన పెద్దాయననో పెద్దావిడనో ఒకరిని వెంటబెట్టుకుని, ఎండ ఎక్కకముందే చెరువు చుట్టూ ఒకసారి నడవండి, వాళ్లు నడవలేకపోతే ఆటోలో మెల్లగా తిప్పండి. ఆ రోజు చరిత్ర అడగొద్దు. "ఈ చోటును ఏమంటారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

తూము ఎక్కడ, ఎన్ని తూములు, వాటికి విడి పేర్లున్నాయా, కోడి ఎక్కడ, బట్టలుతికే బండలు ఏ పక్క, పశువులను కడిగే రేవు ఏది, రాజకాలువ (చెరువుకు నీళ్లు తెచ్చే పెద్ద కాలువ) ఎటునుంచి వచ్చేది, గుండుతోపు (ఊరుమ్మడి చెట్ల తోపు) ఉండేదా, గోమాళం (ఊరి పశువులు మేసే బీడు) ఇప్పుడు ఏమైంది, కట్ట మీద గంగమ్మ గుడి ఎప్పటిది. ప్రతి చోట ఆగి ఫోన్ మ్యాప్‌లో పిన్ పెట్టి, ఆ పేరును వాళ్లు పలికినట్టే రాసుకోండి. మా వైపు ఒకే చోటుకు కన్నడ పేరొకటి, ఇళ్లలో తెలుగు పేరొకటి ఉంటాయి, రెండూ రాయాలి. తెలుగు పేరు ఏ సర్కారు కాగితంలోనూ దొరకదు. ఆ ఇంట్లో పెద్దవాళ్లు పోతే అదీ పోతుంది.

పేర్ల దగ్గర ఇంతసేపు ఆగడానికి కారణం ఉంది. ఈ ఊళ్లో నీళ్లు పోయినా పేర్లలో మిగిలాయి. బొమ్మసంద్ర, నాగసంద్ర, సింగసంద్ర లాంటి పేర్ల చివరున్న ‘సంద్ర’ సముద్రమే, అంటే పెద్ద చెరువు. కన్నడంలో కుంటె అంటే మన ‘కుంట’, చిన్న చెరువు. పేరు కూడా పోతే ఏమవుతుందో చూడాలంటే మెజెస్టిక్ బస్టాండులో నిలబడండి. అది ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. రోజూ వేలమంది ఆ నేల మీదే బస్సు దిగుతారు, కింద చెరువుందని తెలిసినవాళ్లు కొద్దిమందే.

ఎవరిని అడగాలి

ఊళ్లో అడిగితే అందరూ ఒకరిద్దరి పేర్లే చెబుతారు, పాత పటేల్ ఇంటివాళ్లో, మాజీ ప్రెసిడెంటో. వాళ్లను కలవండి, కానీ అక్కడే ఆగితే మీరు రాసేది నాలుగు ఇళ్ల చరిత్ర అవుతుంది.

చెరువు గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాడు నీరుగంటి. తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు, కరువు ఏడాదిలో ఎవరికి ముందు, అన్నీ చూసింది అతనే. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చింది. అలాంటి ఇల్లు మీ ఊళ్లో ఉంటే మొదట అక్కడికే వెళ్లండి, వాళ్ల ఇంటికే వెళ్లి కూర్చోండి, పెద్దింటి అరుగు మీదకు పిలిపించి అడగొద్దు. అక్కడ వాళ్లు చెప్పే మాట వేరు, వాళ్ల ఇంట్లో చెప్పే మాట వేరు. ఏ రేవులో ఎవరు దిగకూడదో, ఏ బావిలో ఎవరు చేద వేయకూడదో కూడా చెరువు చరిత్రే. వినడానికి కష్టంగా ఉంటుంది, అయినా రాయాలి.

తర్వాత వడ్డెరవాళ్లు. కర్ణాటకలో భోవి అంటారు. మట్టి తవ్వి, రాయి కొట్టి, కట్టలు వేసిన చేతులు వాళ్లవి, ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. కన్నడ ఊళ్ల చెరువుల వెనక తెలుగు చెమట ఇంత ఉందని నాకు వాళ్ల దగ్గర కూర్చునేదాకా తట్టలేదు. చేపలు పట్టేవాళ్లు, చాకలి కుటుంబాలు, చెరువు గడ్డి కోసి పాడి పశువులకు వేసేవాళ్లు, ఇటుక బట్టీలకు మట్టి తోలినవాళ్లు, వీళ్లందరి చెరువూ ఒకటి కాదు. ఆడవాళ్లను మాత్రం విడిగా, మగవాళ్లు లేనప్పుడు అడగండి. భర్త పక్కనుంటే "నీకేం తెలుసు, నేను చెప్తా" అని ఆయనే అందుకుంటాడు, నాకు మూడిళ్లలో ఇదే జరిగింది.

చెరువు పక్క అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లనూ వదలొద్దు. నురగ రోజుల్లో ఫోటోలు తీసింది, 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో బెళ్లందూరు చెరువులో మంటలు లేచినప్పుడు బాల్కనీల్లోంచి చూసింది వాళ్లే. అదీ ఊరి జ్ఞాపకమే. కాకపోతే వరుస మాత్రం వయసును బట్టి పెట్టుకోండి, ఎనభై దాటినవాళ్లు ముందు.

చరిత్ర అడగొద్దు, పని అడగండి

ఈ మార్గదర్శిలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. "మీ ఊరి చరిత్ర చెప్పండి తాతా" అంటే ఎవరైనా బిగుసుకుపోతారు, బెంగళూరు కట్టించిన కెంపేగౌడ గురించి బడిలో విన్న కథ చెప్పి ఊరుకుంటారు. "తూము ఎత్తడానికి ఎంతమంది కావాలి తాతా?" అంటే చేతులు వాటంతట అవే లేస్తాయి, ఎలా దిగేవాళ్లో, ఊపిరి ఎంతసేపు బిగపట్టేవాళ్లో, ఒకసారి ఎవరి కాలు ఇరుక్కుందో అన్నీ వస్తాయి. జ్ఞాపకం పనిలో ఉంటుంది.

నేను వాడే ప్రశ్నలు కొన్ని: పొద్దున లేచి చెరువు దగ్గరకు మొదట ఎందుకు వెళ్లేవాళ్లు? తాగే నీళ్లు ఎక్కడినుంచి, ఎవరు మోసేవాళ్లు, ఎన్ని బిందెలు? చెరువు నిండితే గంగమ్మకు ఏం చేసేవాళ్లు, బాగినం (నీళ్లకు సమర్పించే వాయనం) ఎవరిచ్చేవాళ్లు? నిండని ఏడాది ఏం తిన్నారు? పూడిక ఎవరు తీసేవాళ్లు, ఆ మట్టి ఎవరి పొలానికి పోయేది? చెరువు కింద చివరిసారి వరి కోసింది ఎప్పుడు? నీళ్ల రంగు మారిందని మొదట ఎప్పుడు గమనించారు? చేపలు చచ్చి తేలింది గుర్తుందా? పొలం అమ్మిన రోజు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు?

చివరి ప్రశ్న జాగ్రత్తగా, పరిచయం పెరిగాక మాత్రమే.

ప్రశ్న అడిగాక నోరు మూసుకుని కూర్చోవడం కష్టం, కానీ అదే పని. నిశ్శబ్దం వస్తే నింపొద్దు, పది లెక్కపెట్టండి, అసలు మాట దాని తర్వాతే వస్తుంది. వాళ్లు తప్పు చెప్పారనిపించినా అక్కడ సరిదిద్దొద్దు. గంట దాటితే అలసిపోతారు, ఆపేసి మళ్లీ వస్తామని చెప్పండి. రెండోసారి వెళ్తే మొదటిసారి కంటే బాగా మాట్లాడతారు.

సంవత్సరాల సంగతి. పెద్దవాళ్లకు ఇంగ్లీషు సంవత్సరాలు గుర్తుండవు, పెళ్లిళ్లూ పురుళ్లూ గుర్తుంటాయి. "మీ పెద్దబ్బాయి పుట్టకముందా, తర్వాతా?" "ఇందిరాగాంధీ పోయిన ఏడాదికి ముందా?" ఇలా కొలత పట్టుకోవాలి. కొందరు "ఆనంద నామ సంవత్సరం" అంటారు. అది 1974-75, కానీ అరవై ఏళ్లకోసారి పేరు తిరిగొస్తుంది కాబట్టి వాళ్ల నాన్న చెప్పిన ఆనంద 1914-15 కావచ్చు. ఎవరి అనుభవమో అడిగి తేల్చుకోండి. అంచనా వేసిన సంవత్సరం పక్కన ‘సుమారు’ అని తప్పకుండా రాయండి.

రికార్డింగ్, అనుమతి

ఖరీదైన సామాను అక్కర్లేదు, ఫోన్ చాలు. విమానం మోడ్‌లో పెట్టండి, రికార్డర్ సెట్టింగుల్లో నాణ్యత అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఎంచుకోండి, మడిచిన తువ్వాలు మీద ఫోన్ పెట్టి మాట్లాడేవాళ్లకు జానెడు, రెండు జానల దూరంలో ఉంచండి. ఫ్యాను ఆపించండి, కుక్కర్ పెట్టే వేళ వెళ్లొద్దు. కట్ట మీద గాలి మొత్తం పాడుచేస్తుంది కాబట్టి అసలు సంభాషణ ఇంట్లోనే చేసి, కట్ట మీద నడిచేటప్పుడు వీడియో విడిగా తీసుకోండి. ముందు ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్స్‌తో విన్నాకే మొదలుపెట్టండి.

మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. తర్వాత అనుమతి అడిగి అదీ రికార్డు చేయండి. సంతకం పెట్టమంటే పెద్దవాళ్లు భయపడతారు, ముఖ్యంగా చెరువు పక్క ఊళ్లలో, ఎందుకంటే వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. నేను మామూలు మాటల్లో మూడు దారులు చెబుతాను: ఇంట్లోవాళ్లు మాత్రమే వినొచ్చా, ఊళ్లోవాళ్లకు వినిపించొచ్చా, ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టొచ్చా. తర్వాత మనసు మారితే తీసేస్తానని కూడా చెబుతాను, అడిగితే నిజంగానే తీసేయాలి. కబ్జాలు, కోర్టు కేసులు, సర్వే నంబర్ల గొడవలు మాటల్లో దొర్లితే ఆ భాగం విడిగా దాచండి, బయటపెట్టొద్దు. మీరు చెరువును కాపాడాలని తీసిన రికార్డింగ్ ఒక ముసలావిడను ఇబ్బందిలో పడేయకూడదు.

అదే రాత్రి కాపీ చేయండి. నా పదకొండు నిమిషాలు గుర్తు పెట్టుకోండి.

రాసిపెట్టడం దగ్గర చాలామంది ఆగిపోతారు. గంట మాటలు అక్షరం పొల్లుపోకుండా రాయడానికి నాకు ఐదారు గంటలు పడుతుంది. అందుకని ముందు ఏ నిమిషంలో ఏ విషయం వచ్చిందో ఒక పేజీ జాబితా రాసుకుంటాను, ముఖ్యమైనవాటిని తర్వాత పూర్తిగా రాస్తాను. భాషను దిద్దొద్దు. బెంగళూరు తూర్పు ఊళ్ల తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది, "కెరె కాడికి పోతా ఉంటిమి" అంటే అలాగే రాయండి, "చెరువు వద్దకు వెళ్తుండేవాళ్లం" అని మార్చేస్తే మనిషి గొంతు పోయినట్టే. ఈ కలగలుపు యాస ఆటోమేటిక్ టైపింగ్ యాప్‌లకు సరిగ్గా అర్థం కావడం లేదు, చేత్తో రాయక తప్పదు.

ఫోటోలు, కాగితాలు

ఇంటివాళ్ల దగ్గర నుంచి ఫోటోలు తీసుకెళ్లిపోవద్దు, అక్కడే కాపీ తీసుకుని అక్కడే ఇచ్చేయండి. చిన్న స్కానర్ ఉంటే 600 డీపీఐలో తీయండి. లేకపోతే కిటికీ పక్క నీడలో, నల్లగుడ్డ మీద ఫోటో పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను వంచకుండా నేరుగా పైనుంచి తీయండి. వెనకవైపు కూడా తప్పకుండా తీయండి, స్టూడియో ముద్ర, తేదీ, పేర్లు అక్కడే ఉంటాయి. ఆల్బమ్‌కు అతుక్కుపోయినవాటిని పీకొద్దు, పేజీతో సహా తీయండి. సెల్లోటేపు, లామినేషన్ వద్దని ఇంటివాళ్లకు చెప్పండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపించుకోండి.

ఫోటో చూపిస్తూ మాట్లాడించేటప్పుడు రికార్డర్ నడుస్తూనే ఉండాలి. మనుషుల పేర్లు చెప్పాక, వాళ్ల వెనక ఏముందో అడగండి. పెళ్లి గుంపు వెనక కనిపించే కట్ట, చెట్లు, నీటి గీత మనకు కావాలి.

పెళ్లి పత్రికలు, పాత పహణీలు (పొలం రికార్డులు), కందాయం (భూమి పన్ను) రసీదులు, జాతర కరపత్రాలు, బడి రిజిస్టర్లు అన్నీ పనికొస్తాయి.

రాళ్లు, పాత పుస్తకాలు, పటాలు

చెరువు కట్ట దగ్గర సున్నం, పసుపు పూసి దేవుడిగా కొలిచే రాళ్లను గమనించండి, వాటిలో కొన్ని వీరగల్లులు (పోరులో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలిపిన రాళ్లు), కొన్ని శాసనాలు. బేగూరులో తొమ్మిదో శతాబ్దం చివరి నాటి రాతి మీద ‘బెంగళూరు’ అన్న పేరు ఒక యుద్ధం సందర్భంలో కనిపిస్తుంది, ఇప్పటి నగరం కట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు. అలాంటి రాయి కనిపిస్తే కడగొద్దు, యాసిడ్, సుద్దముక్క ఏవీ తగలనీయొద్దు, కదపొద్దు. పొద్దున్నే గాని సాయంత్రం గాని ఏటవాలు వెలుగులో ఫోటో తీస్తే అక్షరాలు లేస్తాయి, రాత్రయితే టార్చి పక్కనుంచి కొట్టండి. అది కొత్తదా, ముందే నమోదైందా అని చూడటానికి 1905లో అచ్చైన ఎపిగ్రాఫియా కర్ణాటికా తొమ్మిదో సంపుటం ఉంది, బెంగళూరు జిల్లాలో అప్పటికి దొరికిన శాసనాలు తాలూకాల వారీగా, ఇంగ్లీషు అనువాదంతో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. నృపతుంగ రోడ్డులోని మిథిక్ సొసైటీ అనే చరిత్ర పరిశోధన సంస్థ ఇక్కడి శాసనాలను త్రీడీలో స్కాన్ చేస్తోంది, వాళ్లకు చెప్పండి.

పాత గ్రామ నక్షలు కర్ణాటక భూదాఖలాల వెబ్‌సైటులో దొరుకుతాయి. కర్ణాటక సర్కారు వారి దిశాంక్ యాప్‌లో మీరు నిలబడ్డ చోటు ఏ సర్వే నంబరో కనిపిస్తుంది. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాది ఏడాదికీ వెనక్కి జరిపి చూడొచ్చు. నేను ఒక తాతకు ల్యాప్‌టాప్‌లో అలా వెనక్కి జరిపి చూపిస్తుంటే "ఆపు, ఆపు, అదే మా మడి" అన్నాడు, ఆ తర్వాత గంటసేపు మాట్లాడాడు.

ఈ పని మన భాషకు కొత్త కూడా కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూసి, ముసలివాళ్లు చెప్పింది రాసుకుని కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, కూర్చారు. ఇంకా వెనక్కి వెళ్తే 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం, రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని లెక్క రాసిపెట్టింది. మీ ఊరి చెరువుకు అలాంటి శాసనం లేకపోతే, పూడిక తీసిన చివరి ఏడాది ఎన్ని ఎడ్లబండ్లు వచ్చాయో గుర్తున్నవాళ్లను అడిగి మీరే రాయాలి.

కథను కథగా, రుజువును రుజువుగా

దాదాపు ప్రతి పాత కట్టకూ ఒక కథ ఉంటుంది, కట్ట నిలవక తెగిపోతుంటే ఒక కోడలు బలైపోయిందని. అనంతపురం వైపు బుక్కరాయసముద్రంలో ముసలమ్మ, బెంగళూరు కోట కథలో కెంపేగౌడ కోడలు లక్ష్మమ్మ, ఆమె సమాధి ఉన్నది కోరమంగళలో. ఇలాంటివి "నిజమేనా?" అని తేల్చడానికి కూర్చోవద్దు. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ పండగకు తలుచుకుంటారు అన్నది రాయండి. ఎవరి కోడలు బలైందో, ఆమె ఏ ఇంటి పిల్లో ఊరు ఎలా చెప్పుకుంటుందన్నది కూడా ఆ ఊరి గురించే చెబుతుంది.

తేదీలు, సర్వే నంబర్లు, పేర్ల విషయంలో మాత్రం కనీసం రెండు చోట్ల సరిచూడండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ పెట్టండి. తెలుగు వికీపీడియాలో వ్యాసం రాద్దామనుకుంటే నోటిమాట ఆధారంగా ఒప్పుకోరు, ప్రచురితమైన ఆధారం కావాలి. ఫోటోలైతే అనుమతితో వికీమీడియా కామన్స్‌లో పెట్టొచ్చు.

దాచడం, తిరిగి ఇవ్వడం

ప్రతి ఫైలుకూ ఒకే తీరులో పేరు పెట్టండి: ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత ఊరు, తర్వాత ఒక సంఖ్య. మనిషి పేరు ఫైలు పేరులో వద్దు, అది రిజిస్టరులో ఉండాలి. రిజిస్టరు అంటే నిజంగా ఒక పుస్తకం, గీతలు కొట్టి, సంఖ్య, ఎవరు, ఏ భాష, ఎంతసేపు, ఏ అనుమతి, ముఖ్యమైన మాటలు. కంప్యూటర్‌లో కూడా పెట్టుకోండి, కానీ పుస్తకం ఉండాలి. కాపీలు మూడు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే ఊళ్లో. నాది ఒకటి చిత్తూరులో చెల్లెలి ఇంట్లో ఉంటుంది.

మాట్లాడిన ప్రతి కుటుంబానికీ వాళ్ల రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి, అచ్చు వేసిన ఒక ఫోటోతో సహా. ఏడాదికోసారి ఊరి జాతరప్పుడు ఫోటోలను పెద్దగా అచ్చు వేయించి, గుడి పక్క తాడు కట్టి వేలాడదీయండి, కింద పెన్సిలు, కాగితం పెట్టండి. తూము రాయి మీద కూర్చున్న ఒక చిన్నపిల్ల ఎవరో మాకు ఏడాదిపాటు తెలియలేదు. జాతరలో ఒకావిడ చూసి కళ్లు తుడుచుకుంటూ "ఇది మా చిన్నమ్మే" అంది, ఆ సాయంత్రమే మాకు ఇంకో ఇంటి తలుపు తెరుచుకుంది.

చిన్న పుస్తకం వేయగలిగితే తెలుగు, కన్నడం రెండూ పక్కపక్కన ఉండేలా వేయండి, లేకపోతే ఊళ్లో సగంమంది చదవలేరు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉచితం. చట్టప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా లైబ్రరీకీ పంపాల్సిన ప్రతులు పంపేయండి, మన ఇంట్లో చెదలు పట్టినా అక్కడ ఒకటి మిగులుతుంది. ఊరి సర్కారు బడికి రెండు ఇవ్వండి.

హార్డ్‌డిస్కులు బీరువాలో పెట్టేస్తే వాటంతట అవే చచ్చిపోతాయి, ఏడాదికోసారైనా తెరిచి ఫైళ్లు ఆడుతున్నాయో లేదో చూడాలి, నాలుగైదేళ్లకు కొత్తదానిలోకి మార్చాలి. నేను దీనికి ఉగాది రోజు పెట్టుకున్నాను. పచ్చడి తిన్నాక డిస్కులు తెరిచి వరుసగా కొన్ని ఫైళ్లు విని చూస్తాను, మొదట అవ్వ పదకొండు నిమిషాలు.